సముద్రము - చిన్న కవిత: ఉద్దానం తీరాన్ని ముందుంచుకొని ఒక పరిశీలన

అరబీ భాషలో 'బహ్ర్' అంటే సముద్రం. పద్యపు నడకకు, అనగా ఛందస్సుకు కూడా ఆ భాషలో అదే పేరు. క్రీ.శ. 8వ శతాబ్దంలో బస్రా నగరంలో నివసించిన ఖలీల్ బిన్ అహ్మద్ అల్‌ఫరాహీదీ అరబీ పద్యాల నడకలను పరిశీలించి వాటిని పదిహేను బహ్ర్‌లుగా వర్గీకరించాడు. పదహారవదాన్ని అతని తరువాతి వాడైన అఖ్‌ఫష్ చేర్చాడని చెబుతారు. ఆ శాస్త్రంలోనే పద్యంలోని ఒక్కొక్క పంక్తికి 'బైత్' అని పేరు. బైత్ అంటే ఇల్లు, గుడారం. గుడారాన్నీ సముద్రాన్నీ ఒకే శాస్త్రంలో ఇమిడ్చిన జాతి అది. ఉర్దూ షాయిర్లు ఇప్పటికీ ఒక గజల్ వినగానే అది ఏ బహర్‌లో ఉందని అడుగుతారు. అలా అడిగేవారిలో సముద్రాన్ని దగ్గరగా చూసినవారు ఎందరో చెప్పడం కష్టం.

ఈ వ్యాసానికి కారణం అదే. తెలుగులో కవిత్వం రాసే ముస్లిం యువకులు సముద్రం మీద రాయబూనినప్పుడు వారి కలాలకు మొదట తగిలేది ఉర్దూ గజల్లోని సముద్రం. సాహిల్, మౌజ్, కిశ్తీ, నాఖుదా - ఈ నాలుగు మాటలు అటూ ఇటూ మార్చితే ఒక షేర్ తయారవుతుంది. గజల్లో కిశ్తీ మునగడం చాలా తేలిక. మునిగినవాడు మరునాటి ముషాయిరాకు హాజరు కాగలడు. నిజమైన సముద్రపు ఒడ్డున సంగతి వేరు. మనకు తొమ్మిది వందల కిలోమీటర్లకు పైబడిన తెలుగు తీరం ఉన్నది. అందులో ఉత్తరపు కొసన, టెక్కలి దగ్గరి భావనపాడు మొదలు పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా సాగే భాగాన్ని ఉదాహరణగా తీసుకొని, చిన్న కవితకు సముద్రం ఎట్లా ఒదుగుతుందో చూద్దాం. ఆ తీరంలో ముస్లిముల సంఖ్య స్వల్పం. కాని మనకు పనికివచ్చే సామగ్రి అక్కడ మెండుగా ఉంది.

ఉద్దానం అనగానే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు గుర్తుకు వస్తాయి. జీడిపిక్కల వ్యాపారానికి పలాస-కాశీబుగ్గ జంట ఊళ్ళు కేంద్రం. తోటలు దాటితే సరుగుళ్ళు, మొగలిపొదలు, ఆ తరువాత ఇసుక, ఆ తరువాత బంగాళాఖాతం. పడమటి వైపు తిరిగితే సుమారు 1,500 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి. సముద్రం మీద ఉన్నవాడికి ఒడ్డు మరుగైనా ఆ కొండ మరుగు కాదు. అందుచేత తరతరాలుగా పడవలకూ ఓడలకూ అది గురుతు. దిక్కుయంత్రం చూడని జాలరి కూడా కొండ ఏ వైపున, ఎంత ఎత్తున కనిపిస్తున్నదో చూసి తన ఊరి రేవును పోల్చుకొనేవాడు.

ముందుగా మాటల సంగతి. సముద్రానికి సంబంధించి మనం రోజూ వాడే తెలుగు మాటల్లో కొన్నింటిని కొంచెం తడిమి చూస్తే వాటి అడుగున అరబీ, పారసీక భాషలు తగులుతాయి. లంగరు పారసీకం. ఓడరేవును సూచించే 'బందర్' పారసీకమే; మచిలీపట్నాన్ని ప్రజలు బందరు అని పిలవడం అందువల్లనే. సరంగు, కళాసీ అటునుంచి వచ్చినవే. పడవను తిప్పే చుక్కాని అరబీలోని 'సుక్కాన్' అని నిఘంటుకారులు చెబుతారు. ఇక తుఫాను. నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) కాలపు జలప్రళయానికి దివ్యఖుర్‌ఆన్ వాడిన మాట అదే. ఆకాశవాణిలో తుఫాను హెచ్చరిక వినే ఉద్దానం రైతు, తనకు తెలియకుండానే ఖుర్‌ఆన్‌లోని ఒక మాటను వింటున్నాడు. పడవ పెద్దకు 'తండేలు' అని పేరు. ఈ మాట మటుకు దక్షిణాది భాషల నుంచే ఉత్తరానికి వెళ్ళినట్లు కనిపిస్తుంది. సముద్రంలో మాటల రాకపోకలు ఒక వైపే సాగవు కదా.

ఈ సంగతి తెలిసినంత మాత్రాన కవిత పుట్టదు. కాని ఇటువంటి చోట ఒక విత్తనం ఉంది. ఉదాహరణకు:

లంగరు పారసీకం
తాడు తెలుగు
ఇసుకకు తెలిసింది
బరువు ఒక్కటే

ఇక్కడ 'మతసామరస్యం' అన్న మాట లేదు, 'సోదరభావం' అన్న మాట లేదు. వాటిని చేర్చి ఉంటే కవిత ఉపన్యాసం అయ్యేది. చిన్న కవితకు ఉన్న మొదటి నియమం, చెప్పదలచిన పెద్దమాటను చెప్పకుండా దాని పక్కనున్న వస్తువును చెప్పడం. లంగరు దిగింది, ఇసుకలో దిగబడింది. పాఠకుడు తక్కినది తానే చూసుకుంటాడు.

చరిత్ర విషయంలోనూ ఇదే పద్ధతి. ఈ తీరానికి నౌకా చరిత్ర కొరత లేదు. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టోలెమీ, 'బంగారు భూమి'కి, అనగా మలయా ద్వీపకల్పం వైపు పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి తిరిగే స్థానాన్ని పలూరా అనే రేవు దగ్గర గుర్తించాడు. అది గంజాం ప్రాంతంలోని పాలూరు అని పలువురు పండితుల అభిప్రాయం. అంటే ఇచ్ఛాపురానికి ఎగువన. మలయా భాషలో దక్షిణ భారతీయులకు 'కెలింగ్' అని పేరు రావడానికి కళింగమే మూలం. దక్షిణాన వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు. ఇంకొంచెం లోపల శ్రీకాకుళం. అక్కడి జామియా మసీదును గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడి అది. ఆ రోజుల్లో గోల్కొండ ఓడలు బందరు నుంచి ఒకవైపు ఎర్రసముద్రానికీ మరొకవైపు పెగూ, అరకాన్ తీరాలకూ నడిచేవి.

గోదావరికి ఉత్తరాన ఉన్న ఈ తీరాన్ని ఐరోపా వర్తకులు 'జింజిలీ తీరం' అని వ్యవహరించారు. జింజిలీ అంటే నువ్వులు. నువ్వుల వర్తకం వల్లనే ఆ పేరు వచ్చిందని పలువురు తలుస్తారు. ఆ మాట పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. వారికి అరబీలోని 'జుల్‌జులాన్' నుంచి వచ్చింది. ఇప్పుడు వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక మత్స్యకార గ్రామం పేరు చూడండి: నువ్వలరేవు. పేరు ఎట్లా పుట్టిందో చరిత్రకారులు తేల్చవలసిందే గాని, కవికి అంతవరకు ఆగనవసరం లేదు. ఈనాడు అక్కడ చేపలవేట పడవలున్నాయి, సరుకుల ఓడలు లేవు.

పేరులో నువ్వులు
రేవులో ఓడలు లేవు
పేరు నమిలితే
నూనె వాసన

ఇది నానీ కొలతలో ఉంది. ఎన్.గోపి 1997లో ప్రవేశపెట్టిన నానీకి నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. పైదానిలో సరిగ్గా ఇరవై అయిదు. ఎం.కె.సుగంబాబు 'రెక్కలు' ఆరు పాదాలవి. ఉర్దూ, పారసీకాల రుబాయీకి నాలుగు పాదాలు. మూడవది తప్ప తక్కిన మూడింటికీ అంత్యప్రాస. ఆ రుబాయీని ఉమర్ ఖయ్యాం ద్వారా తెలుగు పద్యంలోకి తెచ్చినవారిలో పిఠాపురానికి చెందిన డాక్టర్ ఉమర్ ఆలీషా (1885-1945) ఒకరు. ఇస్మాయిల్ (1928-2003) కాకినాడలో, సముద్రానికి కూతవేటు దూరంలో నివసించి, చిన్న కవితకు తెలుగులో ఒక కొత్త నిశ్శబ్దాన్ని ఇచ్చినవారు. హైకూలు కూడా రాశారు. కాబట్టి చిన్న కవిత మనకు అరువు సొత్తు కాదు. ఏ కొలత అయినా ఫరవాలేదు. కొలత ఉండడం మటుకు మంచిది, ఎందుకంటే కొలత లేకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. సముద్రం గురించి రాసేవాడికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

కొలతకూ సముద్రానికీ ఉన్న సంబంధాన్ని అందరికంటె బాగా ఎరిగినవాడు అహ్మద్ బిన్ మాజిద్. ఈయన గురించి కొంచెం విపులంగా చెప్పవలసి ఉంది. నేటి రాసల్‌ఖైమా ప్రాంతంలోని జుల్‌ఫార్ ఈయన స్వస్థలం. 15వ శతాబ్దంలో హిందూమహాసముద్రం మీద ఓడలు నడిపిన మేటి. 1490 ప్రాంతంలో పూర్తి చేసిన 'ఫవాయిద్' అనే నౌకాశాస్త్ర గ్రంథం వచనమే గాని, అంతకు ముందే, 1462లో, 'హావియా' అనే పేరుతో వెయ్యికి పైగా బైత్‌ల పద్యగ్రంథం రచించాడు. ఇంకా అనేక పద్యరచనలు చేశాడు. వాస్కోడగామాకు దారి చూపినవాడు ఈయనే అన్న కథ చాలాకాలం చలామణి అయింది. నేటి పరిశోధకులు దానిని అంగీకరించడం లేదు. అది అటుంచి, ఒక ఓడ పెద్ద తన శాస్త్రాన్ని పద్యంలో ఎందుకు రాశాడు? రాత్రివేళ, గాలిలో, తడిచేతులతో పుస్తకం తెరిచి చదవడం కుదరదు. నోటికి వచ్చి ఉండాలి. అందుకు 'రజజ్' అనే బహ్ర్‌ను ఎంచుకున్నాడు. అది ఒంటె నడకను పోలి ఉంటుందని అంటారు, తేలికగా కంఠస్థం అవుతుంది. పుస్తకం పెద్దదే అయినా దేని బైత్ దానిదే. ఫలానా నక్షత్రం ఇన్ని వేళ్ళ ఎత్తున ఉన్నప్పుడు ఫలానా రేవు: అంతే. ఆ బైత్ తప్పితే ఓడ తప్పుతుంది.

'వేళ్ళ ఎత్తు' అన్నది అలంకారం కాదు. చేయి చాచి వేళ్ళను అడ్డంగా పట్టుకొని, దిగంతానికీ నక్షత్రానికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో లెక్కించడం అరబ్బు నావికుల పద్ధతి. ఒక వేలు, వారి భాషలో 'ఇస్బా', ఒకటిన్నర డిగ్రీకి కాస్త పైన. తరువాత దీనికి 'కమాల్' అనే చిన్న చెక్కపలక వచ్చింది. దానికి కట్టిన దారానికి ముడులు ఉంటాయి. ఒక్కొక్క ముడి ఒక్కొక్క రేవు. ముడిని పంటితో పట్టుకొని పలకను ముందుకు చాచి, కింది అంచును దిగంతానికి, పై అంచును ధ్రువనక్షత్రానికి సరిపెడితే తన రేవుకు సరియైన ఎత్తున ఉన్నాడో లేదో తెలుస్తుంది. బారువ ఒడ్డున ఇసుకలో నిలబడి ఉత్తరానికి చూస్తే ధ్రువనక్షత్రం దిగంతానికి సుమారు 19 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. నక్షత్రాలను నేల మీదా నీటి మీదా చీకట్లలో మార్గదర్శకాలుగా చేశామని ఖుర్‌ఆన్ ఆరవ సూరాలో అల్లాహ్ సెలవిచ్చిన సంగతి ఆ ఇసుకలో నిలబడినప్పుడు వేరుగా వినిపిస్తుంది.

ఇబ్ను మాజిద్ నుంచి చిన్న కవిత రాసేవారు నేర్చుకోదగినది ఇదే: ఒక్క పాదంలో ఒక్క నిజం, సరిచూసుకోదగిన నిజం.

ఇక్కడ ఒక సందేహం తీర్చవలసి ఉంది. కవిత్వమే ముస్లిముకు తగదని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. 'అష్షుఅరా' సూరా చివరి ఆయతులను దీనికి ఆధారంగా చూపుతారు. కవులు ప్రతి లోయలోనూ తిరుగాడుతారనీ, తాము చేయనిది చెబుతారనీ అక్కడ ఉన్న మాట వాస్తవం. అయితే ఆ సూరా అక్కడ ముగియలేదు. విశ్వసించి, సత్కార్యాలు చేసి, అల్లాహ్‌ను అధికంగా స్మరించి, తమకు అన్యాయం జరిగినపుడు ఎదుర్కొన్నవారిని ఆ వెంటనే మినహాయించింది. కొంత కవిత్వంలో వివేకం ఉందని మహాప్రవక్త (స) అన్నట్లు సహీహ్ బుఖారీలో ఉంది. హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవిత్వాన్ని ఆయన ప్రోత్సహించారు. కాబట్టి ఖుర్‌ఆన్ తప్పుపట్టింది పద్యాన్ని కాదు, చేయనిదాన్ని చెప్పడాన్ని. ఎన్నడూ పడవ ఎక్కనివాడు గజల్లో కిశ్తీ ముంచడం ఈ కోవలోకి రాదా అని నాకు అనిపిస్తుంది. పడవ ఎక్కి తీరాలని కాదు. ఒడ్డున నిలబడినవాడు ఒడ్డున నిలబడినవాడిగా రాస్తే చాలు.

క్లుప్తతకు ఒక గొప్ప నమూనా హదీసులోనే ఉంది. ఒకతను వచ్చి, మేము సముద్రయానం చేస్తాము, మా వెంట మంచినీరు కొద్దిగానే ఉంటుంది, సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని అడిగాడు. సముద్రపు నీరు పరిశుద్ధమనీ, అందులో మరణించినది కూడా ధర్మసమ్మతమనీ మహాప్రవక్త (స) సమాధానమిచ్చారు. అబూదావూద్, తిర్మిజీలు దీనిని ఉల్లేఖించారు. అడిగింది నీటి గురించి మాత్రమే. నీరు తక్కువైనవాడికి ఆహారం కూడా తక్కువ కావచ్చునని గ్రహించి, అడగని రెండవ ప్రశ్నకు కూడా జవాబు చెప్పారు. రెండు చిన్న మాటలు. అందులో నావికుడి జీవితమంతా ఉంది.

ఖుర్‌ఆన్‌లో సముద్రం అనేక రూపాల్లో వస్తుంది. అలపై అల, దానిపై మబ్బు, తన చేయి తనకు కనిపించని చీకటి ఒకచోట. మంచినీరూ ఉప్పునీరూ కలిసినా వాటి మధ్య ఉండే అడ్డు మరొకచోట. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ మొగ దగ్గరకు పోయి ఈ ఆయతును తలచుకోవచ్చు. గాలి మంచిదైనంతసేపు సంతోషించి, పెనుగాలి వీచగానే ప్రార్థించి, ఒడ్డెక్కగానే మరచిపోయే మనుషులు యూనుస్ సూరాలో ఉన్నారు. ఇవన్నీ కవికి ఎరువు. కాని ఆయతు అనువాదాన్నే పాదాలుగా విరిచి తన కవితగా ఇవ్వడం మటుకు మర్యాద కాదు. మూలం ముందు అది నిలవదు కూడా.

ఇప్పుడు తుఫాను సంగతి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు చేరువలో తీరం దాటింది. ఉద్దానం తోటలు నేలకూలాయి. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. జీడితోట పోతే దానికీ కొన్నేళ్ళు పడుతుంది. అటువంటి రాత్రి మీద ఒక యువకుడు ఇట్లా రాశాడనుకుందాం:

ఓ సాగరమా! నీ ఉగ్రరూపం
ప్రళయకాల ప్రతిరూపం
మానవుని అహంకారానికి
ఇది ఒక గుణపాఠం

మొదటి రెండు పాదాలు ఏ తుఫానుకైనా, ఏ తీరానికైనా అతుకుతాయి. అది చిన్న లోపం. మూడు నాలుగు పాదాల్లోది పెద్ద లోపం. ఎవరి అహంకారం? ముప్పై చెట్లు, రెండు పశువులు ఉన్న కవిటి రైతుకు ఏ అహంకారం ఉందని ఈ గుణపాఠం? దీన్ని చాలామంది భక్తి అనుకుంటారు. నిరుపేద మీద పడిన ఆపదను అతని పాపానికి శిక్షగా చూపడానికి మనకు అధికారం ఎవరూ ఇవ్వలేదు. పైగా నీట మునిగి మరణించిన విశ్వాసిని మహాప్రవక్త (స) షహీదుల కోవలో చేర్చారు. సముద్రం చంపినవాడి గురించి అట్లా తలచుకోమన్న ధర్మం మనది.

తిత్లీ అంటే ఉర్దూలో సీతాకోకచిలుక. ఆ పేరును సూచించినది పాకిస్తాన్. సీతాకోకచిలుక వాలితే తోటే కూలిందన్న చమత్కారం ఎవరికైనా తట్టుతుంది. ఆ ఏడాది తట్టనివారు లేరు. అందరికీ తట్టినదాన్ని వదిలిపెట్టడం కూడా రచనలో భాగమే. దానికి బదులు మరునాటి పొద్దున ఆ ఇంటి ముందు నిలబడి ఏమి మారిందో చూడాలి:

తెల్లవారింది
కొబ్బరిచెట్లు పడినచోట
ఇంటికి కొత్తగా
సముద్రం కనిపించింది

గాలి లేదు, ఏడుపు లేదు, గుణపాఠం లేదు. అడ్డుగా ఉన్న తోట పోయింది. ఇక రాబోయే తుఫానుకూ ఆ ఇంటికీ మధ్య ఏమీ లేదు. ఆ సంగతి కవితలో చెప్పలేదు.

ఛందస్సు ఇష్టమైనవారు పాత కొలతలనే వాడుకోవచ్చు. ఆటవెలదిలో, భాష కొంచెం గ్రాంథికమైనా, ఈ విధంగా:

చుక్క చూచి నడచు చుక్కాని పట్టిన
చేతి కింత యుప్పు చేరియుండు
ఇంటి గడపలోన నెదురుచూచెడి తల్లి
కంట నింత యుప్పు కరగిపోవు

టెక్కలి దగ్గర నౌపడ ఉప్పుమడులు చూసినవారికి ఉప్పు తెల్లని రాశిగా కనిపిస్తుంది. వేటకు పోయేవాడికి అది చేతిమీద పొర. ఒకే వస్తువు ఎన్ని ఇళ్ళలో ఎన్ని రూపాల్లో ఉందో వెతకడం ఈ పద్యంలోని పని.

ఎదురుచూపుల చరిత్ర ఈ తీరంలో చిన్నది కాదు. రంగూన్‌ను మన పల్లెలు 'రంగం' అనేవి. కళింగపట్నం, బారువ వంటి రేవుల నుంచి ఆవిరి ఓడలెక్కి కూలీలు బర్మా వెళ్ళారు. 1942లో జపాను సేనలు రాగా వేలాదిమంది కాలినడకన తిరుగుముఖం పట్టారు, అందరూ చేరలేదు. 1917లో మునిగిన చిల్కా అనే ఓడ బారువ ఒడ్డుకు కొంత దూరాన నీటి అడుగున ఇంకా ఉంది. ఇది రాయడానికి పుస్తకం చాలదు, నాలుగు పాదాలు చాలవచ్చు:

రంగం వెళ్ళినవాడి పెట్టె
తిరిగి వచ్చింది
తాళంచెవి
సముద్రం దగ్గరే ఉంది

దగ్గరి కాలానికి వస్తే, ఈ జిల్లా జాలర్లు బతుకుతెరువుకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి అక్కడి మరపడవల్లో పనిచేస్తున్నారు. 2018 చివరలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారున్న పడవలు హద్దు దాటాయని పాకిస్తాన్ నౌకాదళం పట్టుకున్నది. ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉండి, ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో విడుదలయ్యారు. ఈ విషయం మీద ఎవరైనా కవిత రాస్తే జెండాల కవిత రాస్తారు, అటువైపుదో ఇటువైపుదో. ముస్లిం కవి అయితే తన దేశభక్తిని రుజువు చేసుకోవాలన్న తొందరలో ఇంకొంచెం గట్టిగా రాస్తాడు. ఆ తొందరలో జాలరి మాయమవుతాడు. నీటి మీద గీత కనిపించదన్నది అతని ఒక్కడి అనుభవం; అది రాయవలసినవాడు ఎవరు?

ఇక్కడ 'కహఫ్' సూరాలోని పడవ గుర్తుకు రావాలి. మూసా ప్రవక్త (అలైహిస్సలాం) వెంట ఉన్న జ్ఞాని - హదీసులు ఆయనను ఖిజ్ర్ అని పేర్కొన్నాయి - తమను ఎక్కించుకున్న పడవకే చిల్లు పెడతాడు. మూసా ఆక్షేపిస్తారు. తరువాత కారణం తెలుస్తుంది: ఆ పడవ సముద్రంలో కష్టపడి బతికే నిరుపేదలది, మంచి పడవనల్లా బలవంతంగా లాక్కొనే రాజు ఒకడు ముందున్నాడు, లోపం ఉన్న పడవ అయితే వదిలేస్తాడు. ఆ నిరుపేదలు చిల్లు చూసి ఏమనుకున్నారో ఖుర్‌ఆన్ చెప్పలేదు. ఆ ఖాళీలో, వేరావల్‌లోనో భావనపాడులోనో ఒక మనిషిని కూర్చోబెట్టవచ్చు:

చిల్లుపడిన పడవను
తిట్టుకుంటూ ఒడ్డున కూర్చున్నాడు
వెళ్ళిన పడవలేవీ
తిరిగి రాలేదు

'తిట్టుకుంటూ' అన్న మాటను కొందరు పెద్దలు మార్చమంటారు. 'సహనంతో' అని పెట్టమంటారు. మార్చకూడదని నా అభిప్రాయం. ఆ సమయానికి అతనికి కారణం తెలియదు. తెలిసినట్లు రాస్తే అది మన జ్ఞానాన్ని అతని నోట్లో పెట్టడం అవుతుంది. మూసా ప్రవక్త అంతటివారే ఆగలేక అడిగారు.

ఇటీవల ఈ తీరం వేగంగా మారుతోంది. తెప్పల స్థానంలో ఇంజను బిగించిన ఫైబరు పడవలు వచ్చాయి. దారి చూపే చిన్న యంత్రం ప్రతి పెద్ద పడవలోనూ ఉంది. టెక్కలి వైపున మూలపేట దగ్గర ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అక్కడికి దగ్గరలోని తేలినీలాపురానికి ఏటేటా వచ్చే గూడకొంగలు, రంగుకొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటూనే ఉన్నాయి. గాలులకూ నీటిపాట్లకూ చేపల రాకకూ ముసలి తండేళ్ళ దగ్గర ఉన్న పేర్లు వారి మనుమలకు అక్కరలేకుండా పోతున్నాయి. యంత్రం ప్రాణాలు కాపాడుతున్నది గనుక దాన్ని నిందించి రాసే కవిత అబద్ధమే అవుతుంది. ఇట్లా రాయవచ్చు:

పెట్టెలో దారి ఉంది
మహేంద్రగిరి మాత్రం
అలవాటుగా
లేచి నిలబడింది

రాయదలచినవారు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మధ్య కాలంలో ఈ ఊళ్ళకు వెళ్ళడం మంచిది. అది వేట నిషేధకాలం. పడవలు ఒడ్డున ఉంటాయి, మనుషులు సరుగుడు నీడల్లో కూర్చొని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, పలకరిస్తే మాట్లాడే తీరిక ఉంటుంది. గాలి ఈశాన్యం నుంచి వస్తే దాన్ని ఏమంటారు, నైరుతి అయితే ఏమంటారు, కొండ మబ్బులో మునిగిన రోజున దేన్ని చూసి ఒడ్డు చేరేవారు అని అడిగి, చెప్పిన మాటను చెప్పినట్లుగానే రాసుకోవాలి. తక్కిన రోజుల్లో వారు తెల్లవారకముందే వెళ్ళిపోతారు.